పిల్లలమర్రి ఊడలు

పాలమూరు ఇళ్లలో పాత ఆల్బమ్ తిరగేస్తే ఒక ఫోటో తప్పక తగులుతుంది. నాలుగు మర్రి ఊడలు కలిపి గుప్పిట పట్టుకుని, కాళ్లు ముడిచి, గాల్లో ఉన్న పిల్లవాడు. వెనక నీడలో పరిచిన చాప, స్టీలు టిఫిన్ క్యారియర్, కొంగు నడుముకు దోపి పులిహోర వడ్డిస్తున్న అమ్మమ్మ. కార్తీక మాసం వనభోజనాలైనా, బడి పిల్లల విహారయాత్రయినా, హైదరాబాదు నుంచి చుట్టాలొచ్చిన ఆదివారమైనా అందరూ పోయేది పిల్లలమర్రికే. మహబూబ్‌నగర్ పట్నం నుంచి నాలుగు కిలోమీటర్లు. దూరం నుంచి చూస్తే చెట్టులా కనిపించదు, పచ్చటి గుట్టలా ఉంటుంది. కొమ్మల కింద తల వంచి లోపలికి అడుగు పెట్టాకే అది మూడెకరాల పందిరి అని తెలుస్తుంది. కింద వెయ్యిమంది కూర్చోవచ్చని పెద్దలు చెప్పేవారు. వయసు సుమారు 700 ఏళ్లంటారు.

ఆ ఫోటోలో అందరి చూపూ పిల్లవాడి మీదే నిలుస్తుంది. "కింద పడతావురా, జాగ్రత్త" అని పెద్దవాళ్లు కేకేసిందీ వాడి గురించే. ఊడ గురించి ఎవరికీ పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది, ఎందుకంటే మర్రి ప్రాణమంతా ఊడలోనే ఉంది.

ఒక ఊడ కొసను దగ్గరగా చూడండి, వానాకాలంలో అయితే మరీ మంచిది. పైనంతా గోధుమ రంగు, గరుకు. చివర బెత్తెడు మాత్రం లేత పసుపు, కాస్త గులాబి కలిసిన రంగు, మెత్తగా, తడిగా ఉంటుంది. ఊడ పెరిగేది ఆ బెత్తెడులోనే. గాలిలో తేమ ఉన్నన్నాళ్లు దిగుతుంది, ఎండ ముదిరితే కొస ఎండి ఆగిపోతుంది, మళ్లీ తొలకరికి మేల్కొంటుంది. పిల్లవాడి పిడికిలి పడేది సరిగ్గా అక్కడే. కొస చిదిగిపోతే ఊడ చావదు. విరిగినచోటికి కాస్త పైనుంచి మూడో నాలుగో సన్న వేళ్లు పుట్టి చీపురుకట్టలా వేలాడతాయి. వచ్చే ఆదివారం మరో పిల్లవాడు ఆ చీపురు పట్టుకుని ఊగుతాడు. పాత ఫోటోల్లో చేతికందే ఎత్తులో గడ్డంలా గుబురుగా వేలాడే ఊడలన్నీ అలా తయారైనవే. మనకు అది అందంగా కనిపించేది. చెట్టు లెక్కలో అవన్నీ నేల చేరని స్తంభాలు.

కొస తెగకుండా నేలను తాకిన ఊడ కథ వేరు. తాకిన చోట పిల్లవేళ్లు తన్నుతుంది, మట్టి పట్టుకుంటుంది, బిగుసుకుంటుంది. అప్పటిదాకా దారంలా ఊగినది ఇక కదలదు. నేల నుంచి నీళ్లు తాగడం మొదలుపెట్టాక లావెక్కుతుంది, కొన్నేళ్లకు మానవుతుంది. పైకొమ్మ బరువు దాని మీద పడుతుంది, ఆ ధైర్యంతో కొమ్మ మరో పది అడుగులు ముందుకు సాగి ఇంకో ఊడ దింపుతుంది. మర్రి నడుస్తుందని ఊళ్లల్లో అనేది ఇందుకే. పిల్లలమర్రి పేరులో పిల్లలు ఈ మానులే. వీటిలో తల్లి మాను ఏదో ఎవరూ చూపించలేరు. తల్లిని గుర్తుపట్టలేనంతగా పిల్లలు పెరిగాయి.

తల్లి మాను పోయినా చెట్టు బతుకుతుందనడానికి దేశంలో సాక్ష్యాలు బాగానే ఉన్నాయి. హౌరా దగ్గర శిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్ మహావటానికి 1864, 1867 తుఫాన్లలో కొమ్మలు విరిగాయి. విరిగినచోట బూజు పట్టి పుచ్చు మొదలైంది, చివరకు 1925లో అసలు మానునే కోసి తీసేశారు. ఆ తర్వాత కూడా చెట్టు పెరుగుతూ, చుట్టూ వేసిన 330 మీటర్ల రోడ్డును దాటి బయటికి వచ్చింది. చెన్నై అడయారులో దివ్యజ్ఞాన సమాజం ఆవరణలోని మర్రికి 1989 గాలివానలో అసలు మాను కూలిపోయింది, పిల్లలు నిలిచాయి. బెంగళూరు పక్కన దొడ్డ ఆలదమర సంగతీ అంతే. ఇక మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. భర్త చితి మీద సహగమనం చేసిన తిమ్మమ్మ కోసం పాతిన గుంజల్లో ఒకటి చిగురించి ఆ చెట్టయిందని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. కథను కథగానే తీసుకున్నా, గుంజ చిగురించడంలో అబద్ధమేమీ లేదు. తొలకరి ముందు మోచేతి లావు మర్రికొమ్మను ఆరేడడుగుల పొడవున నరికి, రెండడుగుల లోతున పాతి, మట్టి అదిమి, పైకోతకు పేడ మెత్తితే అది నాటుకుంటుంది. వెనకటి రోజుల్లో బాటల పక్కన మర్రులు నాటింది చాలావరకు ఇలాగే. చిన్న మొక్క పెడితే మేకలు బతకనియ్యవు, ఆరడుగుల గుంజకు మేక మూతి అందదు.

గింజ నుంచి మర్రి పుట్టడం మాత్రం చాలా చుట్టుదారి. మనం మర్రిపండు అనేది నిజానికి మూసుకున్న పూలబుట్ట, పూలన్నీ లోపలే. కొసన సూదిబెజ్జమంత దారి. ఒక చిన్న కందిరీగ, శాస్త్రంలో పేరు యూప్రిస్టినా మసోని, ఆ దారిలోంచి రెక్కలు తెంపుకుంటూ లోపలికి దూరుతుంది. మోసుకొచ్చిన పుప్పొడి పూలకు అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. లోపల పుట్టిన మగ కందిరీగలకు రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో కలిసి, గోడకు కన్నం తొలిచి, ఆడవాటిని బయటికి పంపి తాము పండులోనే ముగిసిపోతాయి. ఆ కందిరీగ లేని దేశానికి తీసుకుపోయి నాటితే మర్రి పెరుగుతుంది, కాస్తుంది, గింజ మాత్రం పట్టదు. ఇటుక రంగులో జంటలు జంటలుగా పండిన కాయలను గోరింకలు, పావురాలు, కోయిలలు, గబ్బిలాలు తిని రెట్టలో గింజ వదులుతాయి. అది నేలమీద పడితే లాభం తక్కువ. తాటిమట్టల మొదట్లో చేరిన దుమ్ములోనో, పాత బావి గోడ సందులోనో పడితే మొలుస్తుంది. తాటిచెట్టును నడుముదాకా కౌగిలించి నిలబడ్డ మర్రి పాలమూరు చెలకల్లో ఎంత మామూలో ఈ జిల్లా వాళ్లకు తెలుసు. తాటి తలకాయ ఒక్కటి మర్రి నడుమ నుంచి తొంగి చూస్తుంటుంది, కొన్నేళ్లకు అదీ పోతుంది.

పిల్లలమర్రి నీడలో ఒక దర్గా ఉంది. పక్కనే పురావస్తు మ్యూజియం. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవలసిన రాజరాజేశ్వర స్వామి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి అక్కడే తిరిగి కట్టారు. దర్గాకు వచ్చిన వాళ్లు గుడిమెట్లమీద, గుడికి వచ్చిన వాళ్లు దర్గా నీడలో సేదదీరడం అక్కడ విశేషమేమీ కాదు. జింకలను చూపించమని పిల్లల గొడవ ఒకటి ఎప్పుడూ ఉండేది.

2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. ఆ నెలలోనే సందర్శకులను లోపలికి రానివ్వడం ఆపేశారు. విరిగిన చోట చూస్తే లోపలంతా చెదలు, మాను డొల్ల. వార్త వచ్చిన రోజు పాలమూరు వాళ్లంతా చెదలను తిట్టారు. చెదలు చివరి ముద్దాయి మాత్రమే. పచ్చి మాను జోలికి అవి ముందుగా పోవు. ఎండిన కొమ్మ మొండెం, పేరు చెక్కడానికి బెరడు ఒలిచిన చోటు, మేకు దిగగొట్టిన చోటు, కొమ్మ చీలి నీళ్లు నిలిచి పుచ్చిన తొర్ర, దూరేది వీటిలో. ఒకసారి దూరాక బయట మట్టిగొట్టం కట్టుకుని, ఎండ తగలకుండా, పైకీ లోపలికీ పాకుతూనే ఉంటాయి.

అసలు జబ్బు నేలలో ఉంది. మర్రి తిండివేళ్లు ఎక్కువ భాగం పైనున్న అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. ఏళ్ల తరబడి వేల పాదాలు తొక్కిన నేల సిమెంటులా గట్టిపడుతుంది. నడకదారులకు, కూర్చునే గద్దెలకు వేసిన కాంక్రీటు దానికి తోడు. నేల పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు. వాన పడ్డ మర్నాడు గడ్డపార నిలువుగా ఎత్తి వదలండి. జానెడు దిగితే నేల బతికి ఉన్నట్టు, ఖణేల్ మని ఎగిరిపడితే వేళ్లకు గాలి ఆడనట్టు. అట్లాంటి నేలను తాకిన ఊడకు పిల్లవేరు దింపే సందు దొరకదు. నేల చేరనీయకుండా పైన మనం తెంపాం, చేరినవాటికి కింద చోటు లేకుండా చేశాం. కొత్త స్తంభాలు రాలేదు, కొమ్మలు మాత్రం పొడుగు సాగుతూనే ఉన్నాయి. ఊతం లేని పొడుగు కొమ్మ, లోపల చెదలు, ఒక గాలి. అంతే.

తర్వాత జరిగిన వైద్యం దేశమంతా వార్తయింది. ముందు మానుకు బెజ్జాలు వేసి చెదల మందు, అంటే నీళ్లలో పలచన చేసిన క్లోరిపైరిఫాస్, పోసి చూశారు. పోసింది పోసినట్టే బయటికి కారింది. పచ్చి కర్ర అంత ద్రవాన్ని ఒక్కసారి పీల్చుకోలేదు, రోగి గొంతులో చెంబెడు నీళ్లు కుమ్మరించినట్టే. అప్పుడు ఆస్పత్రి పద్ధతి పట్టారు. మందు నింపిన సెలైన్ సీసాలను కొమ్మలకు వేలాడదీసి, గొట్టం కొసను బెజ్జంలో పెట్టి, బొట్టు బొట్టుగా వదిలారు. రెండు మీటర్లకో సీసా చొప్పున వందల సీసాలు. దానితోపాటు మొదళ్లలో మందునీళ్లు పోయడం, వాలిన కొమ్మల కింద కట్టడపు ఊతాలు నిలబెట్టడం కూడా జరిగాయి. 2018 వేసవిలో ఆ సీసాల ఫోటో చూసి నవ్విన వాళ్లూ ఉన్నారు. ఆ పద్ధతిలో నవ్వాల్సిందేమీ లేదు. ఎంత నిదానంగా దిగితే అంత లోపలికి పోతుంది, మందు వృథా కాదు.

మీ ఊరి మర్రికో రావికో ఇదే గతి పట్టకుండా చూడాలంటే పని చెదలతో మొదలుపెట్టకండి, చెవితో మొదలుపెట్టండి. కర్ర సుత్తితో మానును కింది నుంచి తల ఎత్తు దాకా జానెడుకోసారి తట్టండి. గట్టి మాను టక్కుమంటుంది, డొల్ల డప్పులా పలుకుతుంది. డప్పు పలికిన చోట సుద్దతో గీత గీయండి. చెదమట్టిని తాటిపీచు బ్రష్షుతో దులపాలి. కత్తితో గీకితే బెరడు లేచి కొత్త దారి ఇచ్చినట్టవుతుంది. క్లోరిపైరిఫాస్ 20 ఈసీ (నూటికి ఇరవై పాళ్లు మందున్న ద్రవం) లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి చెద దారులమీద, మొదలు చుట్టూ మట్టిలో తడిసేలా పోస్తారు. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పక్కన తాగునీటి బావి గాని చెరువు కాలువ గాని ఉంటే ఆ మందు ముట్టవద్దు, చేపలకు అది పెద్ద విషం. పండ్ల కాలంలో, పక్షులు వాలే రోజుల్లో, పైకొమ్మలకు పిచికారీ చేయాలన్న ఆలోచన అసలే వద్దు.

ఎండిన కొమ్మ తీయడంలో జరిగే తప్పు ఒక్కటే, పైనుంచి ఒకే కోత. సగం తెగగానే కొమ్మ బరువుకు విరిగి, మాను బెరడును మోకాలిదాకా చీల్చుకుంటూ పడుతుంది. ముందు మానుకు మూరెడు దూరంలో, కింది వైపు నుంచి మూడోవంతు కోయాలి. దానికి నాలుగు వేళ్లు అవతల పైనుంచి కోస్తే కొమ్మ చీలకుండా ఊడిపడుతుంది. మిగిలిన మొండాన్ని, మాను కలిసేచోట ఉబ్బెత్తుగా ఉండే మెడ దాటకుండా, చివరగా తీయాలి. మెడను కోస్తే గాయం మూసుకోదు, మెడ దాటి పొడుగు మొండెం వదిలితే అది ఎండి చెదలకు ఇల్లవుతుంది.

ఆ గాయానికి బోర్డో పేస్టు పూస్తారు. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. మైలుతుత్తం 5 లీటర్లలో, సున్నం 5 లీటర్లలో వేరువేరుగా, ప్లాస్టిక్ బకెట్లలో గాని మట్టి కుండల్లో గాని కరిగించి, తర్వాత రెండూ కలుపుతూ కర్రతో తిప్పాలి. ఇనుప బకెట్ వాడితే రాగి దానికే పట్టేస్తుంది. కుదిరిందో లేదో చూడాలంటే మెరిసే చాకు ఒక నిమిషం ముంచి తీయండి. చాకుమీద ఎర్రటి రాగిపూత కనిపిస్తే సున్నం తక్కువైంది, అలాగే పూస్తే బెరడు కాలుతుంది. మరికొంత సున్నపునీళ్లు పోసి మళ్లీ ముంచి చూడాలి. కలిపినరోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు.

నేల విషయంలో ఊళ్లవాళ్లతో పేచీ వస్తుంది. రచ్చబండ అందరికీ ఇష్టమే, భక్తితో ఎవరో ఒకరు గ్రానైటు పరిపిస్తారు, పేరు కూడా చెక్కిస్తారు. ఆ బండ మాను మొదలుకు ఆనించి కడితే అక్కడ తేమ నిలిచి బెరడు కుళ్లుతుంది. మాను లావెక్కితే బండ పగులుతుంది, అప్పుడు చెట్టు కొమ్మ నరుకుతారు గాని బండ తీయరు. మాను చుట్టూ కనీసం నాలుగడుగులు మట్టి వదిలి కట్టుకుంటే ఇద్దరికీ ఇబ్బంది లేదు. గట్టిపడ్డ నేలను నాగలితో దున్నించవద్దు, వేళ్లన్నీ తెగుతాయి. గడ్డపారతో రెండడుగులకో బొరియ, అడుగు లోతు, అందులో చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపడం, పైన రాలిన ఆకును ఊడ్చిపారేయకుండా పరచడం, ఇవి రెండు వానలకు పనిచేస్తాయి. నీళ్లు పోయాల్సింది మాను మొదట్లో కాదు, కొమ్మల చివర నీడ పడేచోట. తాగే వేళ్లు అక్కడున్నాయి.

ఊతం కట్టేటప్పుడు కొమ్మను కాంక్రీటు మీద నేరుగా ఆనించకూడదు. గాలికి కొమ్మ కదిలిన ప్రతిసారీ బెరడు ఒరుసుకుంటుంది. మధ్యలో పాత టైరు ముక్క పెట్టాలి, నీళ్లు నిలవకుండా దిమ్మె పైభాగం వాలుగా ఉండాలి. ఇనుప గొలుసు చుట్టి పైకి కట్టడం అన్నిటికన్నా చెడ్డది. కొమ్మ లావెక్కేకొద్దీ గొలుసు మెడకు ఉరి బిగించినట్టు లోపలికి దిగిపోతుంది.

చెట్టు విలువ జనానికి తెలియదని అనలేం. చేవెళ్ల దారిలో అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా తొమ్మిది వందలకు పైగా మర్రులు లెక్కకొచ్చాయి. రోడ్డు వెడల్పులో అవి పోకుండా హైదరాబాదు వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. పెకలించి వేరేచోట నాటుతామనే మాట వినడానికి బాగుంటుంది. కొమ్మలన్నీ నరికి, వేళ్లన్నీ తెంపి, మొండి మానును లారీలో వేసి గుంతలో పెట్టాక, రెండు మూడు ఎండాకాలాలు విడవకుండా నీళ్లు పోసేవాడు ఉండాలి. ఫోటోకు నిలబడే వాళ్లకు ఆ రోజుల్లో తీరిక దొరకదు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులు పిల్లలమర్రికి వచ్చినప్పుడూ కెమెరాలు బాగానే వచ్చాయి.

పిల్లలమర్రిలో ఇప్పుడు కొత్త తరం చూడాల్సింది పైపులను. కొమ్మల నుంచి నేల దాకా నిలువుగా గొట్టాలు, వాటిలో ఎర్రమట్టి, చివికిన ఎరువు, కొబ్బరిపీచు. లేత ఊడ కొసను గొట్టంలోకి దింపితే ఎండ, గాలి, చెయ్యి మూడూ తగలవు. తడి ఆరకుండా ఉంటే ఊడ బయటికన్నా త్వరగా దిగుతుంది. మీ ఊళ్లో చేసుకోవాలంటే పీవీసీ అక్కర్లేదు. కణుపులు తొలిచిన లావు వెదురు బొంగు నిలువునా రెండుగా చీల్చి, మట్టి నింపి, ఊడ చుట్టూ మూసి గోనెతాడుతో కట్టినా చాలు. అడుగున మూరెడు గుంత తవ్వి మెత్తటి మట్టి పోసి ఉంచాలి, లేకపోతే బొంగులోంచి దిగిన వేరు గట్టినేల తగిలి అక్కడే చుట్ట చుట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు పైనుంచి నీళ్లు. మరీ ఎక్కువ పోస్తే కొస కుళ్లుతుంది, మట్టి పిడికిట నొక్కితే నీళ్లు కారకూడదు, ముద్ద నిలవాలి.

ఊడ నేలలో దిగిందో లేదో తెలుసుకోవడానికి లాగి చూడవద్దు. కట్టు కాస్త వదులు చేసి చూడండి, ఊడ దారంలా ఊగకుండా తీగలా బిగిసి ఉంటే నాటుకున్నట్టు. ఇంకో వానాకాలం ఆగి బొంగు విప్పేయాలి, మరిచిపోతే లావెక్కే ఊడ నడుం నొక్కుకుపోతుంది. విప్పాక చుట్టూ ముళ్లకంప దడి కట్టండి. మాను పిడికిట్లో పట్టనంత లావయ్యేదాకా దడి ఉండాలి, ఆరేళ్ల పిల్లవాడు లోపలికి ఎంత చెయ్యి చాచినా అందనంత దూరంలో.